మూగసామి ఇంట్లో ఒక్కమాట

"తాళం ఇవ్వు వదినా."

"ఇవ్వను."

"స్కూటరు నాది, తాళం నాది. ఇవ్వనంటే ఎలా?"

"కాఫీ తాగి వెళ్ళు."

"ఇప్పటికే రెండుసార్లు తాగించావు. ఇంకోసారి తాగితే స్కూటరు అక్కర్లేదు, నేనే పరిగెడతాను."

మామూలు రోజైతే ఈ మాటకు ఆమె పగలబడి నవ్వేది. మరిది మాటకారి. ఈ ఇంట్లో మాటలన్నీ తమ్ముడికే ఇచ్చేసి, అన్నకు మౌనం మిగిల్చాడు దేవుడు అని ఆమే అంటూ ఉండేది. ఇవాళ మాత్రం నవ్వు రాలేదు. గుప్పిట్లో ఉన్న తాళంచెవి అరచేతిలోకి దిగబడుతోంది. అయినా గుప్పిట విప్పలేదు.

మరిది ఒక హైస్కూలుకు హెడ్మాస్టరు. జుట్టు నెరిసింది, ఒక చెవి మందగించింది. ఆమెకు మాత్రం, తను కోడలిగా వచ్చిన కొత్తలో సైకిలుకు గాలి కొట్టించుకోవడానికి చిల్లర అడిగిన కుర్రాడే ఇప్పటికీ. ఇవాళ బడికి సెలవు పెట్టి వచ్చాడు. ముందుగదిలోకి చెప్పులతోనే వచ్చి నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ రాలేదు.

నిన్న జరిగింది కూడా ఈ గదిలోనే. ఒక్క ప్రశ్న, ఒక్క జవాబు. "అన్నయ్యా, మా మాస్టర్ల సంఘం నిధి అంతా గడియారం బ్యాంకులో ఉంది. అది మునిగిపోతుందని ఊళ్ళో పుకారు. ఉంచమంటావా, తీసెయ్యమంటావా?" అని మరిది అడిగాడు. అన్నయ్య కళ్ళజోడు తుడుచుకుని, "పేపర్లో చూడు" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఇంట్లో ఒక్కరికి కూడా ముద్ద దిగలేదు.

అన్నయ్య అంటే ఆషామాషీ మనిషి కాదు మరి. దేశంలో ఉన్న బ్యాంకులన్నిటికీ పైన ఒక పెద్దబ్యాంకు ఉంటుందే, దానికి గవర్నరు. జేబులో ఉన్న ఏ నోటు తీసి చూసినా ఆయన సంతకమే. ఆయన తుమ్మితే వడ్డీ పెరుగుతుందని, దగ్గితే తగ్గుతుందని ఊళ్ళో జోకు. అందుకే కాబోలు, ఆయన తుమ్మడమూ మానేశాడు, దగ్గడమూ మానేశాడు. పేపర్లవాళ్ళు ముద్దుగా 'మూగసామి' అని పేరు పెట్టారు. అది చెవిన పడ్డప్పుడు ఆయన, "పోనీలే, వాగుడుకాయ అనలేదు" అన్నాడు.

ఆ ఉద్యోగంలో చేరిన రోజే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఒక కట్టడి చేశాడు. ఏ బ్యాంకు గురించి ఎవరు అడిగినా, అది మంచిదైనా చెడ్డదైనా, అందరి నోటా ఒకటే జవాబు రావాలి. పేపర్లో చూడండి. అంతకుమించి ఒక్క అక్షరం కూడదు. "మంచిదాన్ని మంచిదని చెప్పామనుకో. రేపు ఇంకోదాని దగ్గర నోరు మూసుకుంటే అది చెడ్డదని దండోరా వేసినట్టే" అన్నాడు.

ఆమెకు అప్పట్లో అది వట్టి చాదస్తమనిపించింది. అయినా తు.చ. తప్పకుండా పాటించింది. పాలవాడికి అదే చెప్పింది. పక్కింటి జడ్జిగారి భార్యకు అదే చెప్పింది. పళ్ళ డాక్టరు తన నోట్లో పట్టకారు పెట్టి అడిగితే, మాట రాక, బల్లమీద ఉన్న పేపరు వైపు వేలు చూపించింది.

"ఆయన ఏమీ చెప్పలేదుగా! పేపర్లో చూడమన్నారు. అందరికీ చెప్పేదే నీకూ చెప్పారు" అంది ఇప్పుడు.

"అందరికీ చెప్పేదే నాకూ చెప్పాడు. అదే వదినా నా భయం." మరిది గొంతు తగ్గించాడు. "క్రితం చలికాలం గుర్తుందా? అమ్మ పెన్షను వచ్చే బ్యాంకు మునిగిపోతుందని పుకారు పుట్టింది. అమ్మ అన్నం మానేసింది, నిద్ర మానేసింది. చివరికి అన్నయ్య ఏమన్నాడు?"

గుర్తుంది. గుర్తులేకేం!

"ఏం కాదమ్మా, హాయిగా పడుకో అన్నాడు. నేను అక్కడే, అమ్మ కాళ్ళదగ్గర కూర్చుని ఉన్నాను. ఆ బ్యాంకు ఈరోజుకీ చెక్కుచెదరలేదు." మరిది వేళ్ళు మడిచి చూపించాడు. "మంచిదైతే ఏం కాదు అంటాడు. ఈసారి అనలేదు. నేను పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి వదినా. ఈమాత్రం లెక్క నాకు రాదా?"

చేసిన కట్టడి తప్పింది ఎవరో కాదు, చేసిన మనిషే. అదీ కన్నతల్లి మీద ప్రేమతో, ఒకేఒక్కసారి. ఆ ఒక్కసారికి ఇవాళ వడ్డీతో సహా కట్టాల్సి వస్తోంది.

మూలనున్న పేము కుర్చీలోంచి అత్తగారు కదిలింది. ఇంతసేపూ కళ్ళు మూసుకుని ఉంటే నిద్రపోతోందనుకున్నారు ఇద్దరూ. పెద్దకొడుకు సంతకంతో వచ్చిన మొట్టమొదటి నోటును ఆవిడ ఖర్చుపెట్టకుండా దిండుగలీబులో దాచుకుంది. దుకాణంవాడికి ఇచ్చేస్తే కొడుకును ఇచ్చేసినట్టు ఉంటుందట.

"తాళం ఇచ్చెయ్యి" అంది అత్తగారు.

"అత్తయ్యా, మీకు తెలీదు..."

"నాకేం తెలీదు? వాడు ఊరందరికీ గవర్నరు కావచ్చు. నాకు పెద్దకొడుకు. వీడు చిన్నకొడుకు. అన్న నోరు మూసుకున్నందుకు తమ్ముడు దొంగ అనిపించుకోవాలా? మాస్టర్ల సొమ్ము పోతే రేపు వీణ్ణే కదా రాళ్ళుపెట్టి కొడతారు!"

"ఇతను వెళ్ళి ఆ కౌంటరు దగ్గర నిలబడితే చాలు అత్తయ్యా. అక్కడ ఇతను ఎవరి తమ్ముడో తెలియనివాళ్ళెవరు? గవర్నరు తమ్ముడే తీసేస్తున్నాడంటే క్షణాల్లో వీధి నిండిపోతుంది."

చిన్నప్పుడు ఆమె అలాంటి వీధి ఒకటి చూసింది. నాన్న చెయ్యి పట్టుకుని ఒక బ్యాంకు మెట్లమీద నిలబడింది. ముందు గుసగుసలు. తర్వాత తోపులాట. తర్వాత ఇనపతలుపు దిగిన చప్పుడు. నాన్న తనను భుజం మీదికి ఎత్తుకోకపోతే ఆ కాళ్ళకింద నలిగిపోయేది. ఆ బ్యాంకు నిజానికి మంచిదేనని, జనం పరిగెత్తడంవల్లనే పడిపోయిందని తర్వాత అన్నారు. తర్వాత అని ఏం లాభం! నాన్న మళ్ళీ కొట్టు తెరవలేదు.

ఇప్పుడు ఆ పరుగు తన ఇంట్లోంచి మొదలైతే? లోపలి మాట బయటికి చెప్పాడని నింద ఆయన మీద పడితే? ఉద్యోగం పోతుంది. పరువు పోతుంది. చేతులకు సంకెళ్ళు పడ్డా ఆశ్చర్యం లేదు. ఏమీ చెప్పలేదండీ, మౌనంగా ఉన్నారంతే అంటే ఏ కోర్టు వింటుంది?

"వదినా, ఒక మాట అడుగుతాను. కోపం తెచ్చుకోకు" అన్నాడు మరిది. "నేను పొద్దున బయలుదేరినప్పుడు నాకు ఉన్నది అనుమానమే. తీద్దామా వద్దా అని సగం సగంగా వచ్చాను. నువ్వు తాళం దాచావే, అప్పుడు నమ్మకం కుదిరింది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది తన పని. వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి, ఆయన ఆఫీసుకు ఫోను చేసింది.

సెక్రటరీ ఎత్తాడు. "అయ్యగారు మీటింగులో ఉన్నారమ్మా. ఎవరు అడిగినా పిలవద్దన్నారు."

"వాళ్ళమ్మగారికి ఒంట్లో బాగోలేదని చెప్పండి."

నోటికి వచ్చేసింది. తలుపు అవతల నుంచి, "నా ఒంటికేం రోగం! గుండ్రాయిలా ఉన్నాను" అని అత్తగారు అనడం వినిపించింది. ఆమె ఫోను నోటికి అరచెయ్యి అడ్డంపెట్టింది.

ఆయన గొంతు వచ్చింది. "అమ్మకేమైంది?"

"అత్తయ్య బాగానే ఉన్నారు. మీ తమ్ముడు ఇంట్లో ఉన్నాడు. బయలుదేరుతున్నాడు."

ఎక్కడికి అని ఆయన అడగలేదు. వెనక ఎవరివో గొంతులు, కుర్చీలు జరిపిన చప్పుడు. ఒక తలుపు మూసుకుంది. గొంతులు ఆగిపోయాయి.

"వాడికి అన్నం పెట్టు."

"ఇప్పుడే కదండీ టిఫిను తిన్నాడు!"

"మళ్ళీ పెట్టు. కూర్చోబెట్టు. కబుర్లు చెప్పు."

"ఎంతసేపని?"

ఆయన ఊపిరి వినిపించింది. మెట్లెక్కి వచ్చిన మనిషిలా రొప్పుతున్నాడు.

"చీకటి పడేదాకా" అన్నాడు చివరికి. ఫోను పెట్టేశాడు.

చీకటి పడేదాకా! ఇన్నేళ్ళ కాపురంలో ఆఫీసు సంగతి తన దగ్గర ఆయన నోటినుంచి జారడం ఇదే మొదలు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ జారిన మాటను ఇప్పుడు తాను మోయాలి. చీకటి పడితే ఏమవుతుంది? ఆ బ్యాంకు గట్టెక్కుతుందా, తలుపులు మూస్తారా? ఎవరో పెద్దవాళ్ళు దాన్ని కొనుక్కుని నిలబెడతారని పేపర్లో రాశారు. అదే అయ్యుంటుంది. అదే కావాలి. వారం రోజులుగా ఆయన తినని తిండి, గడ్డం గీసుకుంటూ తెగ్గోసుకున్న చెంప, అన్నీ దానికోసమే అయ్యుంటాయి. మంచికే అయ్యుంటాయి. అలా తనకు తాను చెప్పుకుంది.

తలుపు తోసుకుని మరిది వచ్చాడు. "ఏమన్నాడు?"

"నిన్ను అన్నం తినమన్నారు."

"ఇంకా?"

"అంతే."

మరిది గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కోపమంతా దిగిపోయి ముఖం వడలిపోయి ఉంది. "డ్రిల్లు మాస్టారు గుర్తున్నాడా నీకు? మీ అమ్మాయికి చిన్నప్పుడు ఈత నేర్పాడు."

"గుర్తులేకపోవడమేంటి? భుజాన వేసుకుని నీళ్ళలో దింపేవాడు."

"ఆస్పత్రిలో ఉన్నాడు. గుండెకు ఆపరేషను చెయ్యాలన్నారు. నిధిలోంచి సగం ఇస్తున్నాం, మిగతా సగం వాళ్ళావిడ సొంతంగా దాచుకున్నది. ఆ రెండూ గడియారం బ్యాంకులోనే. ఆవిడ పొద్దున్నే భయపడి తనది తీసేసుకుంది. బియ్యం డబ్బాలో పెట్టుకుని దానిమీదే కూర్చుందట. నిధికి మాత్రం నేనే కదా కాపలాదారుణ్ణి! నా సొంత డబ్బయితే నీ గుప్పిట్లోనే ఉంచుకో అనేవాణ్ణి. మాస్టర్ల సొంత డబ్బు కూడా అందులోనే ఉంది. అందరూ నా మాట కోసం చూస్తూ కూర్చున్నారు వదినా. అన్నయ్యను కనుక్కుని వస్తానని చెప్పి వచ్చాను."

"వాళ్ళకి నువ్వెందుకు చెప్పావయ్యా అలాగ?"

"చెప్పకపోతే రాత్రే వెళ్ళి బ్యాంకు ముందు పడుకునేవాళ్ళు." మరిది ఆమె ముఖంలోకి చూశాడు. "నువ్వు నాకు తల్లిలాంటిదానివి. నాతో ఎప్పుడూ అబద్ధమాడలేదు. అన్నయ్య ఏమన్నాడో నేను అడగను. నిన్నే అడుగుతాను. భయం లేదు అను, చెప్పులు విప్పేస్తాను. భయం ఉంది అను, తాళం ఇవ్వకపోయినా నడిచి వెళతాను. పేపర్లో చూడమని మాత్రం అనకు. నీకు దణ్ణం పెడతాను, ఆ ఒక్కటీ అనకు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పేపర్లో చూడు అంటే వెళ్ళిపోతాడు. మౌనంగా ఉన్నా వెళ్ళిపోతాడు. భయం ఉందంటే పరిగెడతాడు. ఏ దారీ లేని చోట ఒకే ఒక దారి, అదీ అబద్ధమో నిజమో తనకే తెలియని దారి. నీతి, న్యాయం అని ఆమె ఆలోచించలేదు. ఆయన చేతులకు పడే సంకెళ్ళే కళ్ళముందు కనిపించాయి.

"భయం లేదు" అంది.

ఎవరో వెనకనుంచి మాట్లాడినట్టు వినిపించింది తన గొంతు తనకే.

మరిది పసిపిల్లాడిలా నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుమ్మం దాకా వెళ్ళి చెప్పులు విప్పేసి వచ్చి, "ఇప్పుడు పెట్టు అన్నం. నిన్నటిది కూడా కలిపి తింటాను" అన్నాడు.

తిన్నాడు కూడా. మారు అడిగి తిన్నాడు. బడిలో పిల్లలు బోర్డు మీద తన బొమ్మ గీసి చెవులు మాత్రం ఏనుగువి పెట్టారని, అందులో ఒక చెవి మీద 'పనిచేయదు' అని రాశారని చెప్పి తనే నవ్వుకున్నాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే అనుమానిస్తాడని నవ్వింది.

కంచం తీసుకుని వెళుతుంటే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపింది. ముసలి వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఏమ్మా, నిజమేనా నువ్వన్నది?"

ఆవిడ కళ్ళలోకి చూస్తూ ఇంకో అబద్ధం చెప్పే ధైర్యం ఆమెకు లేకపోయింది. ఇన్నేళ్ళ అలవాటు నాలుకను తోసుకుని బయటికొచ్చింది.

"పేపర్లో చూడండి అత్తయ్యా."

అత్తగారు చెయ్యి వదిలేసింది. పేము కుర్చీలో వెనక్కి వాలి, మళ్ళీ కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పలకింద గుడ్లు కదులుతూనే ఉన్నాయి.

వరండాలోంచి మరిది గొంతు వినిపిస్తోంది. చెవి మందం కదా, ఫోను ఎప్పుడూ స్పీకరులో పెట్టి, వీధంతా వినేలా మాట్లాడతాడు. బడికి చేస్తున్నాడనుకుని ఆమె ముందు పట్టించుకోలేదు. కంచం కడగబోతూ రెండు ముక్కలు చెవిన పడి, కుళాయి కట్టేసింది.

"మా వదిన స్వయంగా చెప్పిందయ్యా! గవర్నరుగారి భార్య అబద్ధం చెబుతుందా? భయం లేదు. తీసినవాళ్ళు కూడా మళ్ళీ వేసెయ్యండి. ఇంట్లో పెట్టుకుంటే దొంగల భయం. ఆఁ, ఇవాళే వేసెయ్యండి."

అవతలి గొంతు, "బతికించారు మాస్టారూ, ఇప్పుడే వెళతాం" అంది.

తడిచేతులతోనే వరండాలోకి పరిగెత్తింది. "ఎవరికి చెప్పావు? ఎవరికి చెబుతున్నావు?"

"మన వాళ్ళకే. సంఘంలో అందరూ నా మాట కోసం కూర్చుని ఉన్నారన్నానుగా. నా మాటంటే నీ మాటేగా!" అన్నాడు అతను. నిన్నటినుంచి మోస్తున్న బరువు దించుకున్న మనిషి ముఖంలా వెలిగిపోతోంది అతని ముఖం. "పాపం, సంగీతం టీచరు ఏడ్చేసింది."

ఆపు అనాలి. వెయ్యద్దని చెప్పు అనాలి. అంటే, ఎందుకు అంటాడు. ఎందుకో చెబితే మళ్ళీ చెప్పులు వేసుకుంటాడు. తను ఆపాలనుకున్నది డబ్బు తీసే పరుగును. ఇప్పుడు డబ్బు వేసే పరుగు మొదలైంది. ఆ పరుగుకు మందు ఒక్క 'భయం లేదు' అనుకుంది పిచ్చిముండ తను! మరిది ఇంకో నంబరు నొక్కుతున్నాడు.

అప్పుడే గేటు తెరిచిన చప్పుడైంది. నల్లకారు లోపలికి వచ్చింది. చీకటి పడటానికి ఇంకా చాలా పొద్దు ఉంది. ఎండ గోడమీదే ఉంది.

ఆయన దిగాడు. పొద్దున కట్టుకున్న టై జేబులో కుక్కి ఉంది. డ్రైవరును ఇంజను ఆపొద్దన్నాడు. వరండాలో కూర్చున్న తమ్ముణ్ణి చూసి, చెప్పులు లేని అతని కాళ్ళను చూసి, ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాడు. తమ్ముడు ఫోనులో మునిగి చెయ్యి ఊపాడు. ఆయన భార్య మోచెయ్యి పట్టుకుని నడవాలోకి తీసుకుపోయాడు.

"అమ్మకు బాగోలేదని సెక్రటరీ అందరిముందూ అన్నాడు. వెళ్ళి చూసి రమ్మని వాళ్ళే తరిమారు. నిమిషంలో వెళ్ళిపోవాలి." ఆయన గోడకు చెయ్యి ఆనించాడు. సంతకాలకు పేరుపడ్డ చెయ్యి. "కొనుక్కుంటామన్నవాళ్ళు లేచి వెళ్ళిపోయారు."

ఆమెకు అర్థమైంది. అర్థం కానట్టు, "అంటే?" అంది.

"రేపు తెరవరు." ఎన్నేళ్ళుగానో బిగబట్టిన మనిషి కట్ట తెగినట్టు మాట్లాడేశాడు. "కౌంటర్లు కట్టేసేదాకా ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే ఆ వీధిలో జనం తొక్కుకుని చస్తారు. దాంతోపాటు ఇంకో రెండు బ్యాంకులు పడతాయి. అవి నిక్షేపంలాంటివి. నువ్వు వీణ్ణి ఆపావు. నువ్వు ఏం చేసి ఆపావో గాని, చాలా..."

"అన్నయ్యా!"

మరిది నడవా మొదట్లో నిలబడి ఉన్నాడు. ఫోను చేతిలో ఉంది. నవ్వు చెవులదాకా ఉంది. దూరంనుంచి ఆయన మాటలేవీ అతనికి వినపడలేదు. "నీ చేత జన్మలో చెప్పించలేని మాట వదిన చేత చెప్పించాను చూడు! భయం లేదంది. మా వాళ్ళందరికీ చెప్పేశాను. తీసినవాళ్ళు కూడా మళ్ళీ తీసుకెళ్ళి వేస్తున్నారు."

ఆయన భార్య వైపు చూడలేదు. చూసుంటే బాగుండేది. తిట్టుంటే ఇంకా బాగుండేది. నడవాలో ఉన్న ముక్కాలిపీట మీద, బూట్లతోనే, మెల్లిగా కూర్చున్నాడు.

"ఎంతమందికి చెప్పావురా?" అన్నాడు.

ఊరంతా ప్రశ్నలు అడిగితే తప్పించుకు తిరిగిన మనిషి. ఆయన ఒకరిని ఈ గొంతుతో ప్రశ్న అడగడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. మరిది ముఖంలో నవ్వు కొద్దికొద్దిగా ఆరిపోయింది. లెక్కల మాస్టరు కదా. అన్న ముఖం చూశాడు, వదిన ముఖం చూశాడు. జవాబు వచ్చేసింది.

"వదినా..." అన్నాడు.

అతని చేతిలో ఫోను మోగింది. బొటనవేలు అలవాటుకొద్దీ నొక్కేసింది. నడవా అంతా ఒక ఆడగొంతు నిండిపోయింది. వెనక జనం సందడి, నాణేలు గలగల.

"బాబూ, నేను డ్రిల్లు మాస్టారి భార్యను. గడియారం బ్యాంకులోనే ఉన్నానయ్యా. పొద్దున తీసిన ఆపరేషను డబ్బు మళ్ళీ తెచ్చాను. ఇంట్లో పెట్టుకుంటే నాకు ప్రాణం నిలవడం లేదు. కౌంటరు కట్టేస్తామంటున్నారు, నా ముందు ఒక్కరే ఉన్నారు. వేసెయ్యమంటావా?"

మరిది అన్న వైపు చూశాడు.

"బాబూ, వినపడుతోందా? మీ వదినగారు అక్కడే ఉన్నారా? ఒక్కసారి ఆయమ్మతో అనిపించు. ఇక్కడ లైన్లో అందరూ భయపడుతున్నారు, ఫోను గట్టిగా పెట్టాను. ఆవిడ నోటితో ఒక్కమాట వింటే అందరికీ ధైర్యంగా ఉంటుంది."

మరిది ఫోను ఆమె వైపు చాపాడు. చేతిలో నిప్పుకణిక ఉన్నట్టు, ఎవరో ఒకరు తీసుకుంటే చాలన్నట్టు చాపాడు. ముందుగదిలోంచి అత్తగారు గోడ పట్టుకుని వచ్చి నిలబడింది.

ఆయన తల ఎత్తాడు. గొంతు లేకుండా పెదవులతో, "చెప్పకు" అన్నాడు. ఏది చెప్పకూడదో చెప్పలేదు.

వెయ్యమంటే డ్రిల్లు మాస్టారి గుండె. వద్దంటే ఆ లైన్లో జనం, ఆ మెట్లు, ఆ ఇనపతలుపు, ఈయన. ఆమె ఫోను తీసుకుంది. తడి ఇంకా ఆరని చేతిలోంచి అది జారబోతే రెండు చేతులతో పట్టుకుంది.

"నేనేనమ్మా" అంది.

"అమ్మా, మీరేనా తల్లీ! చల్లగా ఉండండి. ఇదిగో, ముందున్నాయన అయిపోయాడు. నా వంతే వచ్చింది. తొందరగా చెప్పండమ్మా, వెయ్యనా?"